మార్చినవారు: రవీందర్

అలర్ట్ వచ్చినప్పుడు రవీందర్ మంజుల బల్ల పక్కనే స్టూలెక్కి ఉన్నాడు. సీలింగ్ పలక ఒకటి పక్కకు జరిపి, లోపలికి భుజం దాకా చెయ్యి దూర్చి, పాడైన కేబుల్‌ను కొద్దికొద్దిగా బయటికి లాగుతున్నాడు. లాగినప్పుడల్లా దుమ్ము ఆమె కీబోర్డు మీద రాలుతోంది. మంజుల ఒక చేత్తో టీ గ్లాసును మూసి పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్ తీసి చూసింది.

మూడో కోల్డ్‌రూమ్ స్విచ్‌లో సెట్టింగ్ మారింది. మార్చినవారు: రవీందర్.

ఆమె తలెత్తింది.

"రవీందర్, మూడో రూమ్ల ఏమన్న మార్చినవా?"

"ఎప్పుడక్కా?"

"ఇప్పుడే."

"ఇప్పుడు నా చెయ్యి యాడుందో నీకు కనిపిస్తలేదా?" అని నవ్వాడు. జర ఆ కత్తెర అందియ్యమని అడిగాడు.

మంజుల కత్తెర అందించింది గానీ మనసు ఫోన్ మీదే ఉంది. విమానాశ్రయం సరుకుల గేటుకు దగ్గరలో ఉన్న ఆ గోదాంలో మందులు, టీకాలు నిలవ చేస్తారు. గదుల్లో చల్లదనం కొలిచే మీటర్లు, కెమెరాలు, తలుపుల తాళాలు అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద నడుస్తాయి; ఒక్కో చోట వాటి వైర్లన్నీ కలిసే పెట్టెనే స్విచ్ అంటారు. ఆ నెట్‌వర్క్‌లో ఎవరు ఏ చిన్న సెట్టింగ్ మార్చినా, ఎక్కడ మారిందో, ఎవరి పేరుతో మారిందో వెంటనే సందేశం వస్తుంది. మొదట్లో అది హెడ్డాఫీసు వాళ్ళకీ, రవీందర్‌ను పంపిన కాంట్రాక్టు కంపెనీకీ కూడా వెళ్ళేది. ఫోన్లు మోగిపోతున్నాయని వాళ్ళు విసుక్కుంటే మేనేజర్ ఉదయభాస్కర్ వాళ్ళ నంబర్లు తీయించేశాడు. ఇప్పుడు అలర్ట్ వచ్చేది ఇద్దరికే, ఆయనకూ మంజులకూ. వచ్చినదాన్ని చూసి, తేడా ఉంటే చెప్పడం మంజుల ఉద్యోగం.

ఆమె ఉదయభాస్కర్‌కు ఫోన్ చేసింది. ఆయన ఆ పొద్దున సిటీలో ఒక మందుల కంపెనీవాళ్ళ ఆఫీసులో ఉన్నాడు. రవీందర్ పేరుతో అలర్ట్ వచ్చిందనీ, మనిషి మాత్రం తన ఎదురుగా స్టూలు మీద ఉన్నాడనీ చెప్పింది. ఆయన వెనక ఎవరో నవ్వుతున్నారు. మీటింగులో ఉన్నాననీ, వచ్చాక చూద్దామనీ చెప్పి పెట్టేశాడు.

మధ్యాహ్నం లోడింగువాళ్ళు మూడో గదికి వెళ్ళి చూస్తే తలుపు పూర్తిగా పడలేదు. కింద రబ్బరు పట్టీలో అట్టముక్క ఇరుక్కుని ఉంది. లోపల ఇన్సులిన్ పెట్టెల మీద నీళ్ళు పట్టాయి. మంజుల తెర మీద మాత్రం మూడో గది చల్లగానే ఉంది. సెట్టింగ్ మారిన క్షణంలో మీటర్లు నెట్‌వర్క్ నుంచి విడిపోయాయి, తెర మీద పాత అంకె అలాగే నిలబడిపోయింది. ఎప్పుడూ కాస్త పైకీ కిందికీ కదులుతుండే ఆ అంకె కదలడం లేదన్నది ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ గదిలోని సరుకంతా పక్కన పెట్టేశారు. దాన్ని ఇక ఏ దవాఖానకూ పంపరు.

మర్నాడు ఉదయభాస్కర్ కేబిన్‌లో విచారణ జరిగింది. హెడ్డాఫీసు నుంచి ప్రసన్నలక్ష్మి ఫోన్ స్పీకర్‌లో ఉంది. తప్పులెక్కడ జరిగాయో చూసే అధికారి ఆవిడ. గొంతులో కోపం లేదు, తొందర ఉంది. సరుకు పంపిన కంపెనీకి సాయంత్రంలోగా ఒక పేరు చెప్పాలట.

పేరు అలర్ట్‌లోనే ఉంది. ఉదయభాస్కర్ దాన్ని చదివి వినిపించాడు. ఆయన ఎప్పుడూ ఎవరినీ ఏకవచనంలో పిలిచిన మనిషి కాదు. మంజుల కొడుక్కి జ్వరమొస్తే సెలవు తనే రాసి పంపినవాడు. ఆ పూట చదివేటప్పుడు మాత్రం 'రవీందర్' దగ్గర ఆయన గొంతు సన్నబడింది.

మంజుల అడిగించుకోకుండానే చెప్పింది. అలర్ట్ వచ్చినప్పుడు రవీందర్ తన ముందే ఉన్నాడని, చేతిలో కేబుల్ తప్ప ఇంకేం లేదని. ప్రసన్నలక్ష్మి, ముందే పెట్టి ఉంచిన మార్పు తర్వాత దానంతటది జరిగే వీలుందా అని ఉదయభాస్కర్‌ను అడిగింది.

ఆయన బల్ల మీది పెన్ను తీసి మూత పెట్టాడు. "వీలుంది మేడమ్. టైము పెట్టి ఉంచొచ్చు."

రవీందర్ ఆయన ముఖంలోకే చూస్తున్నాడు. అతను ఏదో చెప్తాడని మంజుల ఎదురుచూసింది. చేతులు వెనక్కి కట్టుకుని, నేను చెయ్యలేదు మేడం అన్నాడు. మళ్ళీ ఉదయభాస్కర్ వైపు చూశాడు. ఆయన పెన్ను మూత తీస్తూ పెడుతూ బల్లకేసి చూస్తున్నాడు.

రవీందర్‌ను పనిలోంచి తీసేశారు. బయటికి పోయేటప్పుడు గేటు దగ్గర మొగులయ్య అతని మెడలోని కార్డు తీసుకున్నాడు. అరవై దాటిన ఆ కాపలాదారు కార్డు తాడును వేళ్ళకు చుట్టుకుంటూ, పొద్దున నాకు చాయ్ తాపిన పోరడు బిడ్డా అని మంజులతో అన్నాడు. రవీందర్ పనిముట్ల సంచీ బండి ముందు పెట్టుకుని, వెనక్కి చూడకుండా తుక్కుగూడ దిక్కు పోయాడు.

ఆ రోజు నుంచి మంజుల ఫోన్‌ను కింద పెట్టలేకపోయింది. ఇంటి దగ్గర జొన్నరొట్టె తడుతుంటే పక్క గట్టు మీద ఫోన్ గుర్రుమనేది. పిండిచేత్తోనే తీసి చూసేది. ఏ కెమెరాదో, ఏ ప్రింటరుదో అయి ఉండేది. పెట్టేసి రొట్టె తిప్పేలోగా మళ్ళీ గుర్రుమనేది. అత్త శివమ్మ గుమ్మంలో కూచుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ చూసి చూసి అడిగింది.

"ఆ ఫోన్ల ఎవరున్నరు బిడ్డా? గంతగనం ఉలిక్కి పడుతున్నవ్?"

"ఎవరు లేరత్తా. ఆఫీసు పని."

"పనైతే చెయ్యాలె గాని, భయపడుడు ఎందుకు?"

రొట్టె ఒక పక్క మాడింది. ఇంటి మీదుగా విమానం దిగుతుంటే వంటగది రేకులు అదిరాయి. మంజుల పొయ్యి తగ్గించి, ఫోన్‌ను అద్దం కిందికి వచ్చేలా బోర్లా పెట్టింది. కాసేపటికి తనే మళ్ళీ తిప్పి చూసింది.

ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. మనిషి మానేస్తే వాళ్ళ లాగిన్ ఆ రోజే తీసేయాలి. తీసేసే అధికారం మంజులకు లేదు, అలర్ట్‌లు ఎవరికి పోవాలో పెట్టడం వరకే ఆమె చేతిలో ఉంది. రవీందర్ లాగిన్ తీయించమంటారా అని ఆమె ఉదయభాస్కర్‌ను అడిగింది. ఆయన లాప్‌టాప్ మూత సగం దించి, ఇప్పుడే వద్దు, చూద్దాం అన్నాడు. మర్నాడు మళ్ళీ అడిగింది. ఈసారి ఆయన మూత దించలేదు. మీకు వేరే పని లేదా అన్నాడు. అని వెంటనే నొచ్చుకున్నట్టు, ఎండలో వచ్చినట్టున్నారు, కాసిని మంచినీళ్ళు తాగండి అన్నాడు.

కార్డు తీసేసుకున్నాక ఆ మనిషి పేరు యంత్రంలో ఎందుకుండాలి? ఈ ప్రశ్న ఆమెను కుర్చీలో కుదురుగా కూచోనివ్వలేదు. సాయంత్రం డ్యూటీ దిగి, ఇంటి వైపు తిరగాల్సిన స్కూటీని తుక్కుగూడ వైపు తిప్పింది.

మహేశ్వరం రోడ్డులో కొత్త ప్లాట్ల వెంచరు ఒకటి పడింది. నిరుడు కందిచేలు ఉన్న చోట ఇప్పుడు సున్నం గీతలు, హద్దురాళ్ళు. రోడ్డు పక్కన పెద్ద కమాను కట్టారు. రవీందర్ నిచ్చెనెక్కి ఆ కమానుకు కెమెరా బిగిస్తున్నాడు. మంజులను చూసి దిగాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, నీళ్ళ బాటిల్ ఇచ్చాడు.

ఆమె అడగదలచుకున్నది సూటిగా అడిగేసింది. నీ పాస్‌వర్డ్ ఇంకెవరికన్నా తెలుసా?

అతను కింద పడ్డ స్క్రూ ఒకటి ఏరి జేబులో వేసుకున్నాడు.

"సార్‌కు తెలుసు," అన్నాడు. "మొదట్ల మిషన్లన్ని పెట్టింది నేనే కదా అక్కా. అన్ని తెరిచే లాగిన్ నా పేరు మీదనే అయింది. సార్‌కు వేరేది చెయ్యమని హెడ్డాఫీసుకు రాసిండ్రు, అది రాలే. ఒకసారి అర్జెంటుందని సార్ ఫోన్ చేసి అడిగిండు. ఇచ్చిన. ఇయ్యనంటనా?"

"మరి ఆ రోజు మేడం ముందల ఎందుకు చెప్పలే?"

"సార్ ముందల్నే సార్ మీద చెప్పాల్నా?" అతని గొంతు పెద్దదేం కాలేదు. "పాస్‌వర్డ్ ఇచ్చుడు గూడ తప్పే కదా. సారే చెప్తడేమో అని చూసిన. ఆయన మొకం దిక్కే చూస్కుంట నిలబడ్డ. చెప్పలే."

మంజుల బాటిల్ మూత తిప్పుతూ ఉండిపోయింది. ఆ పొద్దున ఫోన్‌లో ఉదయభాస్కర్ వెనక వినిపించిన నవ్వులు గుర్తొచ్చాయి. మేడంతో నేను మాట్లాడతానంది. రవీందర్ వద్దన్నాడు. ఆ రోజు నువ్వు చెప్పినా నమ్మలేదు, ఇప్పుడు నా దగ్గర ఏముందని నమ్ముతారన్నాడు. చీకటి పడకముందే పొమ్మని, రోడ్డు మీద కంకర లారీలు ఎక్కువున్నాయని చెప్పి మళ్ళీ నిచ్చెనెక్కాడు.

శుక్రవారం కొత్త కస్టమర్లు వచ్చారు. గోదాం చూసి నచ్చితే సరుకు ఇక్కడ పెడతారట. ఉదయభాస్కర్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. వాళ్ళు కింద రిసెప్షన్‌లో టీ తాగుతుండగా తన కేబిన్‌లోకి గబగబా వచ్చి, గోడ మీది పెద్ద తెర పెట్టి, రెండో గేటు కెమెరా రావడం లేదని తల పట్టుకున్నాడు. అద్దం గోడ ఇవతల మంజుల ఆయన్ను చూస్తూనే ఉంది. ఆయన లాప్‌టాప్ ముందు నిలబడే నాలుగైదు మీటలు నొక్కాడు. తెర మీద గేటు వచ్చింది. గేటు దగ్గర మొగులయ్య కుర్చీ జరుపుకుంటున్నాడు.

మంజుల ఫోన్ గుర్రుమంది.

రెండో గేటు స్విచ్‌లో సెట్టింగ్ మారింది. మార్చినవారు: రవీందర్.

ఆమె ఒకటికి రెండుసార్లు చదివింది. తల ఎత్తేసరికి అద్దం అవతల ఉదయభాస్కర్ కూడా తన ఫోన్ చూసుకుంటున్నాడు. చూసి, మెల్లగా తలెత్తాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆయన ముందుగా కళ్ళు తిప్పుకున్నాడు. చొక్కా కాలరు సర్దుకుని కస్టమర్ల కోసం కిందికి దిగిపోయాడు.

వాళ్ళు గోదామంతా తిరిగి చూసేదాకా మంజుల కుర్చీలోంచి కదల్లేదు. మధ్యలో వచ్చిన అలర్ట్‌లను చూడనైనా చూడలేదు. వాళ్ళ కార్లు వెళ్ళిపోయాక ఉదయభాస్కర్ పైకొచ్చి ఆమె బల్ల దగ్గర ఆగాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"లాప్‌టాప్‌లో అదే పేరు ఉండిపోయిందండీ," అన్నాడు. "నొక్కితే అదే తెరుచుకుంటుంది. నేను చూడను కూడా. ఆ రోజు కంపెనీ వాళ్ళు మూడో గది కెమెరా చూపించమన్నారు. వాళ్ళ ఎదురుగానే మార్చాను. దాంతో మీటర్లు విడిపోతాయని నాకు తట్టలేదు. సాయంత్రం గాని అసలు వెలగలేదు."

మంజుల అలర్ట్ ఉన్న ఫోన్‌ను ఆయన వైపు తిప్పి పెట్టింది.

"నేను అతని పేరు చెప్పలేదు మంజుల గారూ. అలర్టే చెప్పింది."

"ఆయన మీ మొకం దిక్కు చూసిండు సార్."

ఉదయభాస్కర్ బల్ల అంచు పట్టుకున్నాడు. "చూశాడు," అన్నాడు.

ఆ తర్వాత ఆయన గొంతు మళ్ళీ మేనేజరు గొంతయింది. మేనేజరే మార్చాడని తెలిస్తే ఆ కంపెనీ గోదాం వదిలేసి పోతుందని, లోడింగువాళ్ళ దగ్గర్నుంచి అందరి ఉద్యోగాలూ దానితో ముడిపడి ఉన్నాయని చెప్పాడు. రవీందర్‌కు ఊరికే అన్యాయం కానివ్వనని, షాద్‌నగర్ ఫ్యాక్టరీలో తనకు తెలిసినవాళ్ళున్నారని, తనే మాట్లాడి పెట్టిస్తానని చెప్పాడు. అబద్ధమాడుతున్నట్టు ఆమెకు అనిపించలేదు. అదే ఆమెను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

"ఈలోగా ఆ పేరుతో వచ్చే అలర్ట్‌లు ఆపేయండి. మీకూ మనశ్శాంతి," అని కేబిన్‌లోకి వెళ్ళిపోయాడు. ఆమె ఆపేస్తుందనే ఆయన నమ్మకం. ఇంతవరకూ ఆయన చెప్పిన పని ఆమె చెయ్యకుండా ఉన్నది లేదు.

మంజుల అలర్ట్‌ల పేజీ తెరిచింది. రవీందర్ పేరు పక్కన చిన్న డబ్బా ఉంది. దానిలో టిక్కు తీసేస్తే చాలు, ఇక గుర్రుమనదు. ఇంట్లో రొట్టెలు మాడవు. ఆమె లేచి, నీళ్ళ కూలరు దాకా పోయి, తాగకుండానే తిరిగొచ్చింది. కిటికీలోంచి లారీల వరుస కనిపిస్తోంది. గేటు దగ్గర మొగులయ్య ఒక్కొక్క డ్రైవరు కార్డూ తీసుకుని ముఖానికీ ఫొటోకూ పోల్చి చూస్తున్నాడు.

ఆమె కూర్చుంది. టిక్కు జోలికి పోలేదు. అలర్ట్‌లు ఎవరికి పోవాలన్న చోట ఉదయభాస్కర్ తీయించిన నంబర్లను మళ్ళీ చేర్చడం మొదలుపెట్టింది. ప్రసన్నలక్ష్మి. హెడ్డాఫీసు నెట్‌వర్క్ వాళ్ళు. రవీందర్ కాంట్రాక్టు కంపెనీ యజమాని. ఒక నంబరు తప్పు పడితే చెరిపి మళ్ళీ కొట్టింది. పొద్దున వచ్చిన రెండో గేటు అలర్ట్‌ను అందరికీ మళ్ళీ పంపమని గుర్తు పెట్టింది. ఇవన్నీ భద్రం చెయ్యాలా అని యంత్రం అడిగింది. ఒకసారి అద్దం అవతలికి చూసి, నొక్కింది.

అలర్ట్‌ల సెట్టింగ్ మారినా అలర్ట్ వస్తుంది. అది ఆమెకు తెలుసు. ఆమె ఫోనూ, కేబిన్‌లో ఆయన ఫోనూ ఒకేసారి మోగాయి.

అలర్ట్‌లు అందుకునేవారి వివరాలు మారాయి. మార్చినవారు: మంజుల.

దాని వెనకే పొద్దుటిది వచ్చింది, రవీందర్ పేరుతో.

ఉదయభాస్కర్ తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. అంతలో మంజుల బల్ల మీది ఫోన్ మోగింది. ప్రసన్నలక్ష్మి. ఈ రవీందర్ మనం పంపించేసిన అతనే కదా, ఇవాళ లోపలికి ఎలా వచ్చాడని అడిగింది.

"రాలేదు మేడం," అంది మంజుల. "ఆయన కార్డు గేటు కాడ ఉంది. ఆ రోజు గూడ ఆయన నా ముందలనే ఉండె. ఆ పేరుతోని మార్చింది ఎవరో సార్‌ను అడగండి. సార్ ఈడనే ఉన్నడు."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఉదయభాస్కర్ జేబులో ఫోన్ మోగడం మొదలైంది. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని, మోగనిచ్చి, మోగనిచ్చి, కేబిన్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కూర్చుని మాట్లాడుతున్నవాడు కాస్తా మధ్యలో లేచి నిలబడ్డాడు. అద్దంలోంచి మాట వినబడదు. పెదవులు కదలడం ఆగి, మళ్ళీ కదలడం మాత్రం కనిపించింది. చివర్లో ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

చాలాసేపటికి బయటికొచ్చాడు.

"చెప్పాను," అన్నాడు. "నేనే చేశానని."

మంజుల లేచి నిలబడింది.

"నన్ను అడిగి చేయాల్సింది మీరు."

"అడిగితే వద్దంటరు కదా సార్."

ఆయన కాదనలేదు. సోమవారం హెడ్డాఫీసుకు తననూ ఆమెనూ కూడా రమ్మన్నారని చెప్పాడు. అనుమతి లేకుండా అలర్ట్‌ల సెట్టింగ్ మార్చినందుకు ఆమె జవాబు చెప్పుకోవాలట. మేనేజరు లేకుండా ఆమెతో విడిగా మాట్లాడతారట. అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో కక్షేమీ లేదు. అలసట ఉంది.

శనివారం పొద్దున మంజుల మళ్ళీ వెంచరుకు పోయింది. రవీందర్ కమాను రెండో స్తంభానికి నిచ్చెన వేసుకుని ఉన్నాడు. ఆమె స్కూటీ ఆపి కిందినుంచే జరిగింది చెప్పింది. కాంట్రాక్టు యజమాని ఫోన్ చేస్తాడని, కార్డు మళ్ళీ ఇస్తారని.

అతను నిచ్చెన మీదే ఆగిపోయాడు. తర్వాత ఒక్కో మెట్టూ దిగి, ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"ఎవరు చెప్పిండ్రు మేడంకు? నువ్వా?"

"నేను సార్‌ను అడగమన్న. సారే చెప్పిండు."

"సార్ నోటితోని చెప్పిండా? నేనే చేసిన అని?"

"అట్లనే చెప్పిండు."

తప్పించుకోవడానికి దారి లేక చెప్పాడన్నది ఆమె గొంతు దాకా వచ్చింది. అతని ముఖం చూసి ఆగింది. రవీందర్ మెడలోని తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. తువ్వాల తీసేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంటికాడ మా అమ్మ రోజు అడుగుతుండె," అన్నాడు. "ఏం జేసినవురా, గేటు బయటికి ఎందుకు ఎల్లగొట్టిండ్రు అని. ఏం చెప్పాలె? ఫోన్ల నా పేరు ఉన్నదాయె."

మళ్ళీ పనికి వస్తావా అని ఆమె అడిగింది. వస్తానన్నాడు, ఈ కమాను పని ఒప్పుకున్నాడు గనుక అది అయ్యాక. ఆ పాత పేరుతో ఉన్న లాగిన్ మాత్రం తీసేయాలన్నాడు. ఎవరిది వాళ్ళకు చెయ్యాలి, అడిగినా ఇయ్యడట ఇక. ఆ మాట అంటూ కొంచెం నవ్వాడు. నవ్వి, ఆమె ముఖం చూసి ఆపేశాడు.

"నీకేమన్న అయితదా అక్కా?"

"తెల్వదు. సోమవారం రమ్మన్నరు. అడగకుండ మార్చినవని అంటున్నరు. సారుండడంట, నన్నొక్కదాన్నే కూసోబెట్టి అడుగుతరంట."

విమానం ఒకటి చాలా కిందుగా పోయింది. రవీందర్ తువ్వాల మడిచి భుజం మీద వేసుకున్నాడు.

"నేను గూడ వస్త," అన్నాడు.

"నిన్ను పిలవలేదు కదా."

"పిలవకున్నా వస్త. ఆ రోజు నేను నోరు తెరవలే. ఎవరన్న చెప్తరేమో అని చూసిన. సోమవారం నేను చెప్త."

ఆమె వద్దనలేదు. అతను నిచ్చెన ఎక్కబోతే అది కంకరలో ఒక పక్కకు ఒరిగింది. మంజుల స్కూటీకి స్టాండు వేసి వచ్చి, చున్నీ నడుముకు చుట్టుకుని, నిచ్చెన కాళ్ళు రెండూ గట్టిగా పట్టుకుంది. ఆమె సంచీలో ఫోన్ గుర్రుమంది. పైన అతను స్క్రూ బిగించడం పూర్తయ్యేదాకా ఆమె చేతులు తీయలేదు.